అట్ట మీది అక్క

నర్సు చదువుకు నాకు సీటు రాలేదు. వచ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. నర్సునైతే ఎవరికో సూది వేసి, కట్టు కట్టి, ఇంటికి పంపేదాన్ని. పదిమంది ముందు నిలబడి జబ్బు ఎవరి నుంచి ఎవరికి వస్తుందో చెప్పే పని నాకు పడేది కాదు.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఆరోగ్య ప్రచారకుల శిక్షణ అని ఒకటి మొదలైందని మా పాస్టరుగారు కబురు తెచ్చారు. పది పాసైన ఆడపిల్లలకు హాస్టలు ఇస్తారు, చదువయ్యాక పల్లెల్లో తిరిగే ఉద్యోగం ఇస్తారు. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. ఊరికి ఎడంగా మా క్రైస్తవుల పేట. మా పేటలో ఆడపిల్ల చదివితే టీచరు కావాలి, లేదంటే నర్సు కావాలి. మూడో దారి ఒకటుంటుందని ఎవరూ వినలేదు.

మా నాయన చేని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"సూదులేసే చదువుండాది, మందులిచ్చే చదువుండాది. ఈ మాటలు చెప్పే చదువు ఏందమ్మా?"

"జబ్బు రాకముందే, రాకుండా ఎట్ల ఉండాలో చెప్పడం నాయనా."

"రాని జబ్బుకు జీతం ఎవరిస్తారు?"

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో నాకు ముక్కు మీద కోపమని పేరు. నేను ఏదో అనబోయేలోపే అక్క బిందె దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ అంది: "పోనీ నాయనా. మాటలు చెప్పడం దానికి పుట్టుకతోనే వచ్చు. ఊరికే చెప్పేది జీతానికి చెప్తాది."

అందరూ నవ్వారు. నా చదువు అలా ఖాయమైంది. నాయన నాలుగు రోజులు గొణిగాడు, అంతే. నేను హాస్టలుకు పోతే ఇంట్లో నా వంతు పని కూడా అక్క మీదే పడుతుంది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అక్కను పేటలో అందరూ పెద్దమ్మి అనేవారు, నన్ను చిన్నమ్మి. అక్క బడికి పోలేదు. అమ్మ, నాయన కూలికి పోతే ఇల్లు చూసింది అక్కే. ఆమెకు పేటలో ఒక గుర్తింపు ఉండేది. ఎవరింట పెండ్లి జరిగినా కాగుల్లో నీళ్లు నింపడానికి పెద్దమ్మినే పిలిచేవారు. మా పేట బావి దిగుడు బావి. నాపరాళ్ల మెట్లు నీళ్ల దాకా దిగుతాయి. ఎండాకాలంలో నీళ్లు అడుక్కు పోతాయి, మెట్లు పాచి పట్టి జారుతాయి. అక్క చీర మోకాళ్ల దాకా దోపి, ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు నీళ్లలో పెట్టి, ఒంగి బిందె ముంచేది. అందరూ బిందె ఎడమ నడుము మీద పెట్టుకుంటే ఆమె కుడి నడుము మీద పెట్టుకునేది. తల కొంచెం అవతలికి వాలేది. తెల్లవారి నుంచి పెండ్లి పందిరికి నీళ్లు మోసి, పెండ్లికూతురి స్నానానికి మొదటి చెంబు తనే పోసి, కొత్త రవిక గుడ్డ తీసుకుని వచ్చేది. ఆ రోజు ఇంట్లో ఆమె నడకే వేరుగా ఉండేది.

మా పేటకు ఆ బావి అంటే ఉత్త బావి కాదు. ఊళ్లో బావి దగ్గర మా పెద్దవాళ్లు దిగకూడదు. గట్టుకు దూరాన నిలబడి, ఎవరైనా దయ తలచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. అలా నిలబడీ నిలబడీ విసిగిపోయి మా తాతల కాలంలో తవ్వుకున్న బావి అది. మన మెట్లు, మన నీళ్లు, ఎవరినీ అడగనక్కర లేదు అని మా నాయన ఎన్నిసార్లు చెప్పాడో.

ఆ బావిలోనే మా జబ్బు కూడా ఉంది. నారి కురుపు. వేసవి రాగానే కాలి మీద బొబ్బ లేచి, మంటపుట్టి, పగిలి, అందులో నుంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వస్తుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగుతారు. తెగితే కాలు వాచి నెలల తరబడి మంచమే. అక్కకు ఏటేటా వచ్చేది. ఉమ్మెత్తాకు కట్టుకుని నీళ్లకు పోయేది. బొబ్బ మంటకు చల్లటి నీళ్లలో కాలు పెడితే ప్రాణం లేచి వస్తుందనేది. ఇంకో నాలుగు బిందెలు తెస్తానని అందుకే మళ్లీ దిగేది.

నంద్యాలలో చదువు నాకు బాగా నచ్చింది. హాస్టలు వెనక్కు నడిస్తే కుందూ నది, ఎండాకాలంలో పిల్ల కాలువలాగా ఉండేది. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి పక్క పేటలకు పోయి మాట్లాడటం. మాకు చెప్పే మేడం కోస్తా నుంచి వచ్చినామె. గద్దించేది, ఆ గద్దింపులోనే ప్రేమ ఉండేది. "జనం చదువుకోలేదని మీరు పాఠం అప్పజెప్పకండి. చూపించండి. చూసింది మర్చిపోరు" అనేది. చూసింది మర్చిపోరు అనే ఆ మాట తర్వాత నన్ను చాలా ఏడిపించింది.

ఒకరోజు నారి కురుపు పాఠం వచ్చింది. పురుగు ఎక్కడి నుంచి వస్తుందో మేడం బోర్డు మీద గీసి చెప్పింది. బొబ్బ ఉన్న కాలు నీళ్లలో పెట్టినప్పుడు పురుగు తన పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. కంటికి కనిపించని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లను వడకట్టకుండా తాగినవాళ్లకు మరుసటి ఏడు అదే నారి లేస్తుంది. అందుకని పుండు ఉన్నవాళ్లు బావిలో దిగకూడదు, వాళ్లకు పక్కవాళ్లు తోడి ఇవ్వాలి. నీళ్లు మడత గుడ్డతో వడకట్టుకోవాలి. అంతే, ఇంత చిన్న సంగతి.

అందరూ రాసుకుంటున్నారు. నా చేయి కదలలేదు. అక్క కాలు ఆ నీళ్లలో, ఆ నీళ్లు మా ఇంటి కుండలో, పెండ్లి కాగుల్లో, ప్రతి ఇంట్లో. పాపం అక్క అనిపించలేదు, ఉన్న మాట చెప్పాలి కదా. అక్క ఇంత పని చేసిందా అనే మొదట అనిపించింది. ఆ మాట అనుకున్నందుకు వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమెకు తెలిసి చేసిందా? అసలు ఆమె కాలిలోకి నారి వచ్చిందీ ఇంకెవరి కాలో అంతకు ముందు అక్కడ పెట్టబట్టే కదా.

చదువు చివర ప్రతి ఒక్కరూ ఒక జబ్బు మీద సొంతంగా బొమ్మల అట్టలు గీయాలి. నేను నారి కురుపు తీసుకున్నాను. మొదటి అట్టలో బావి. తర్వాతి దాంట్లో మెట్ల మీద ఒక ఆడమనిషి, కాలు నీళ్లలో. ఆపైన నీళ్లలో పురుగు, నీళ్లు తాగుతున్న ఇంటివాళ్లు, నారి లేచిన కాళ్లు, గుడ్డతో వడకట్టడం, పుండు ఉన్న మనిషి గట్టున నిలబడి ఉంటే పక్కామె బిందెలో పోయడం, చివర అందరూ బాగుండటం. బొమ్మలు గీయడం నాకు అంతగా రాదు. బావి తిన్నగా కుదరలేదు, ఇంటివాళ్లు గొంగళ్లు కప్పిన కట్టెల్లా వచ్చారు. కానీ మెట్ల మీద ఆడమనిషి మాత్రం ఒక్కసారికే వచ్చింది. మేడం ఆ అట్ట పట్టుకుని, "దీంట్లో ప్రాణం ఉందమ్మాయ్" అంది. నాకు మంచి మార్కులు వేసింది. నేను పొంగిపోయాను. నీళ్లు ముంచే మనిషిని గీయమంటే నా చేతికి తెలిసింది ఒకే ఒక్క మనిషని నాకప్పుడు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఎవరు నమ్మినా నమ్మకపోయినా సరే.

ఉద్యోగం ఆళ్లగడ్డ వైపే పడింది. మొదట ఏ ఊళ్లో చెప్తావని అడిగితే మా పేటలోనే అన్నాను. మన పేటకు మనం చెప్పకపోతే ఎవరు చెప్తారని నా గర్వం. ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ గుడి ముందు చాపల మీద కూర్చోబెట్టాను. అక్క ముందు వరసలో కూర్చుంది. ఆ ఏడు కూడా మడమ దగ్గర కట్టు ఉంది. చెల్లెలు ఉద్యోగస్థురాలై వచ్చి మాట్లాడుతుంటే ఆమె ముఖం చూడాలి. నన్ను కాదు, చుట్టూ ఉన్నవాళ్లను చూస్తోంది, వింటున్నారా లేదా అని.

మొదటి అట్ట చూపించాను. "మన బావే" అన్నారు. రెండో అట్ట తీశాను.

మా పేటలో అందరికంటే పెద్దది ఒక అవ్వ ఉండేది. ఆమె మాటే పేటకు మాట. అట్ట దగ్గరికి వంగి చూసి ఫక్కున నవ్వింది.

"ఏమ్మే చిన్నమ్మీ, మీ అక్కను గీసినావే! బిందె సూడు కుడిపక్క. ఆ తల సూడు, ఎట్ల వాల్చిందో."

అందరూ నవ్వారు. అక్క కూడా సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అట్ట వైపు చూశాను. అప్పుడు కనిపించింది నాకు. కుడి నడుము, వాలిన తల, మోకాళ్ల దాకా దోపిన చీర.

"ఇది ఎవరి బొమ్మా కాదవ్వా. ఊరికే ఒక మనిషి" అన్నాను.

"ఊరికే మనిషి ఎట్లయితాది? పెద్దమ్మే ఇది" అంది అవ్వ.

అక్కడే ఆపాల్సింది. ఆ అట్ట పక్కన పెట్టి నోటితో చెప్పాల్సింది. కానీ అప్పజెప్పడానికి అలవాటు పడ్డ నోరు, ఆగలేదు. ఒక్కో అట్ట మారుస్తూ పోయాను. నీళ్లలో పురుగు. తాగుతున్న ఇంటివాళ్లు. నారి లేచిన కాళ్లు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను చెప్పింది వాళ్లకు బాగా అర్థమైంది, నేననుకున్న దానికంటే బాగా. మోకాలు బిగుసుకుపోయి పనికి పోలేని మొగుడున్న ఒకామె లేచి నిలబడింది.

"అంటే మా ఆయన కాలు ఇట్లయింది పెద్దమ్మి తెచ్చిన నీళ్లతోనా?"

"అట్ల కాదక్కా, ఎవరి కాలైనా..."

"నువ్వే గదా సూపిస్తాండావు!"

పుండు ఎవరికైనా రావచ్చని, మా అక్కకూ ఇంకొకరి నుంచే వచ్చిందని గొంతు చించుకున్నాను. పురుగు పిల్లల గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒక్కరూ నన్ను చూడలేదు. అందరూ అక్క మడమకున్న కట్టును చూస్తున్నారు. అక్క మెల్లగా కాళ్లు చీర కిందికి లాక్కుంది. తర్వాత లేచి ఇంటికి నడిచింది. పక్కన నడుస్తూ నేను ఏదేదో అంటుంటే ఒకటే అంది: "బాగా గీసినావు మే." ఎత్తిపొడుపు కాదది. మెచ్చుకోలే. అందుకే నాకు ఇంకా కష్టమైంది.

మరునాడు అక్క బిందెతో పోయేసరికి అవ్వ మొదటి మెట్టు మీద కూర్చుని ఉందట. "నువ్వు దిగొద్దు పెద్దమ్మీ. ఆడ నిలబడు, మేము పోస్తాం" అందట. అక్క గట్టున నిలబడింది. ఒకామె తన బిందె ఎత్తి, అక్క బిందెకు తగలకుండా పైనుంచి పోసింది. ఇదంతా మా అమ్మ చెప్పింది. మా నాయన విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఊరోల్ల బావి కాడ నిలబడలేక ఈ బావి తవ్వుకుంటిమి. మన బావి కాడ మన బిడ్డ నిలబడాల్నా?" అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి రెండు తిట్టినా బాగుండేది.

వాళ్లు చేసింది తప్పని నేను ఎలా చెప్పను? పుండు ఉన్నవాళ్లు దిగవద్దు, పక్కవాళ్లు పోయాలి అని నేనే చెప్పాను. బొమ్మ వేసి మరీ చెప్పాను. పేటలో పుండ్లు ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఎప్పటిలాగే దిగి తోడుకున్నారు. వాళ్లెవరూ అట్ట మీద లేరు మరి. నేను పోయి అరిచాను. "అందరికీ ఒకటే మాట" అని అవ్వతో పోట్లాడాను. అవ్వ సరేనంది. ఆ తర్వాత వాళ్లనూ ఆపారు. పుండు మానగానే ఎవరికి వారు దిగడం మొదలుపెట్టారు.

నేను ఆ వేసవిలోనే అవతలి ఊళ్లకు తిరగడం మొదలుపెట్టాను. ఆ రెండో అట్ట తీసేసి ఇంకోటి గీశాను, ముఖం లేకుండా, బిందె ఎడమ పక్కన. అది చూసి ఎవరూ ఏమీ అనలేదు, ఎవరికీ పెద్దగా ఎక్కలేదు కూడా. పై అధికారి పాత అట్టే బాగుందన్నాడు. పోయిందని అబద్ధం చెప్పాను. ఇంటికి రావడం తగ్గించాను. పని ఎక్కువ అనేదాన్ని. ఆళ్లగడ్డ బస్టాండులో దిగి, మా ఊరి బస్సు ముందే నిలబడి ఉన్నా, ఇంకో ఊరి బస్సెక్కిన రోజులు ఉన్నాయి. వచ్చినప్పుడు కూడా బావి వైపు పోయేదాన్ని కాదు. అక్క ముఖం చూడలేక కాదు, ఆమె మామూలుగానే ఉండేది, జొన్నరొట్టె, గోంగూర పెట్టి పక్కన కూర్చునేది. ఆ మామూలుతనాన్నే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

పేటలో పెండ్లిళ్లు జరిగాయి. కాగులు ఇంకెవరో నింపారు. ఏటేటా నారి లేచీ లేచీ అక్క మోకాలు కొంచెం బిగుసుకుంది కదా, బరువు మోయలేదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడగలేదు. అడిగితే ఏం చెప్తుందోనని భయం.

నారి కురుపు తగ్గుతూ వచ్చింది. వడకట్టే గుడ్డలు ఇంటింటా వచ్చాయి, బావిలో మందు కలిపారు. కొన్నేండ్లకు మా పేటలో ఒక్క కాలికీ నారి లేవలేదు. మా పై అధికారి నన్ను పదిమందిలో మెచ్చుకున్నాడు. ఆ పొగడ్త నాకు గుచ్చుకుంది. మేడం చెప్పినట్టు చూసింది ఎవరూ మరచిపోలేదు.

ఎనభైల మధ్యలో మా పేటకు బోరు వేసి చేతి పంపు పెట్టారు. బావి మూసేశారు. మొదటిరోజు నేను కూడా ఉండాలని పిలిచారు, నేనే అర్జీలు పెట్టి తిరిగాను కాబట్టి. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆడవాళ్లు వంతులేసుకుని కొడుతున్నారు, నీళ్లు బొళబొళమని పడుతున్నాయి. అవ్వ పంపు పక్కన రాయి మీద కూర్చుని ఎవరి వంతు ఎప్పుడో చెప్తోంది.

అక్క కనిపించలేదని చుట్టూ చూశాను. బిందె పట్టుకుని దూరంగా, గోడవార నిలబడి ఉంది. వంతులో లేదు. ఎవరో బిందె నింపుకుని ఇంటికి పోతూ ఆమె దగ్గర ఆగి, తన బిందె నుంచి ఆమె బిందెలోకి కొంచెం పోసి పోయింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ పోయడంలో, పట్టుకోవడంలో ఇద్దరికీ ఎంత అలవాటుందో చూడగానే తెలిసిపోయింది. ఇన్నేండ్లూ ఇలాగే జరిగిందన్న మాట. ఆ ఒక్క వేసవి కాదు.

అక్క దగ్గరికి పోయాను.

"ఏందక్కా ఇది? నీకు పుండు యాడుంది? మానిపోయి ఎన్నేండ్లాయ. రా, పట్టుకో."

నా గొంతులో కోపమే పలికింది. తప్పు చేసినప్పుడు నాకు వచ్చేది అదే. అక్క నన్ను చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మానిందని నాకు తెలుసు మే. దిగొద్దని నువ్వు చెప్పినావు. నలుగురిలో చెప్పినావు. మల్లా దిగొచ్చని యాడ చెప్పినావు?"

"పుండు మానితే అందరూ దిగలేదా? నువ్వూ దిగాల్సింది!"

"వాల్లను ఎవరూ బొమ్మేయలేదు గదా" అంది అక్క.

అట్టలన్నీ ఒకటొకటిగా కళ్ల ముందు మెదిలాయి. గట్టున నిలబడ్డ మనిషి ఉంది. ఆమె పుండు మానడం, మళ్లీ మెట్లు దిగడం ఏ అట్టలోనూ లేదు. మాకు ఎవరూ అది నేర్పలేదు, నాకూ తోచలేదు. ఎవరు రాకూడదో చెప్పడమే నా ఉద్యోగం అనుకున్నాను.

అక్క చేయి పట్టుకుని పంపు దగ్గరికి తీసుకొచ్చాను. ఆమె రావడం చూసి కొడుతున్నామె చేయి ఆపింది. అందరూ వినేలా చెప్పాను. మా అక్కకు ఏ జబ్బూ లేదు, ఉన్నప్పుడు కూడా ఆ తప్పు ఆమెది కాదు, నీళ్లు అందరితో పాటే పట్టుకుంటుంది అన్నాను. పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. ఇన్నేండ్ల మాటలన్నీ నాలుక మీదికి తెచ్చుకున్నాను.

అవ్వ తల ఎత్తి నన్ను చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు.

"అట్లనా? ఆ ముక్క అప్పుడే చెప్పింటే అప్పుడే రానిచ్చేటోల్లం గదమ్మా. నువ్వు వచ్చి చెప్తావనే సూస్తాంటిమి" అంది. తర్వాత పక్కకు జరిగి, "రా పెద్దమ్మీ, పెట్టు బిందె" అంది.